జీతమూ రొయ్యే, దాచుకున్నదీ రొయ్యే

విశాఖలో ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో పద్దెనిమిదేళ్ళుగా అకౌంట్స్ చూస్తున్నాను. ఎక్కడ యుద్ధమొచ్చినా దాని వేడి నాకు ఫ్రైట్ బిల్లులో, అంటే ఓడ కిరాయిలో తగులుతుంది. 2023 చివర్లో ఎర్రసముద్రంలో యెమెన్ తిరుగుబాటుదారులు హూతీలు ఓడల మీద దాడులు మొదలుపెట్టాక, యూరప్ వెళ్ళే సరుకు సూయజ్ కాలువ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళింది. పది పన్నెండు రోజులు ఎక్కువ. మైనస్ 18 డిగ్రీల్లో ఉండాల్సిన కంటైనర్‌కి అన్ని రోజులూ కరెంటు కావాలి, డబ్బు చేతికొచ్చేదాకా మాకు బ్యాంకు వడ్డీ.

రోజూ ఇవే లెక్కలు చూసేవాడిని, సొంత డబ్బు దగ్గర మాత్రం బుర్ర పనిచేయలేదు.

2022 ఫిబ్రవరి 24, గురువారం. రష్యా ఉక్రెయిన్ మీద పడింది. మా అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు వాళ్ళబ్బాయి అక్కడ మెడిసిన్ చదువుతున్నాడు. వాళ్ళమ్మ మెట్ల మీద కూర్చుని ఫోన్ కలవక ఏడుస్తోంది. అది చూసి ఆఫీసుకెళ్ళాను. ఆ రోజు షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 2,702 పాయింట్లు పడింది, ముడి చమురు బ్యారెల్ వంద డాలర్లు దాటింది. మ్యూచువల్ ఫండ్‌లో సగానికి పైగా అమ్మేశాను. అమ్మకం మూడు గంటల్లోపు పెడితే ఆ రోజు రేటే వస్తుందని భోజనం మానేసి మరీ పెట్టాను. పడిపోయిన రేటు ఎక్కడ చేజారిపోతుందోనని పరిగెత్తినట్టు!

మర్నాడే సెన్సెక్స్ 1,328 పాయింట్లు లేచింది. మార్చి ఆఖరుకి యుద్ధం ముందున్న చోటు దాటేసింది. యూట్యూబ్‌లో చెప్పేవాళ్ళు కథ ఇక్కడే ఆపుతారు. జూన్‌లో అదే సెన్సెక్స్ 52 వేల కిందికి, అంటే నేను అమ్మిన రోజు కన్నా దిగువకి జారిందని చెప్పరు. అప్పుడైనా తిరిగి కొన్నావా అంటే, లేదు. ఆ డబ్బు అప్పటికే వేరే చోట పెట్టేశాను. (రెండో అంతస్తు వాళ్ళబ్బాయి క్షేమంగా తిరిగొచ్చాడు.)

ఆ వేరే చోటు రొయ్యల కంపెనీల షేర్లు. "యుద్ధమొచ్చినా మనుషులు తినడం మానరు కదా, పైగా ఈ ఫీల్డ్ నాకు తెలుసు" అనుకున్నాను.

2025 మేలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు మన ఊళ్ళోనూ మాక్‌డ్రిల్ చేశారు. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు, భయం సహజం. ఆ వారం నేనేమీ అమ్మలేదు. అదేమీ జ్ఞానోదయం కాదు, మావాడి ఎంట్రన్స్ టెన్షన్‌లో ఫోన్ చూడలేదంతే. శనివారం కాల్పులు ఆగాయి, సోమవారం సెన్సెక్స్ ఒక్క రోజే 2,975 పాయింట్లు పెరిగింది. ఆ తర్వాత నెలంతా బీచ్ రోడ్డు మీద వాకింగ్ బ్యాచ్ నోట డిఫెన్స్ షేర్ల మాటే. కురుసుర సబ్‌మెరైన్ ముందు నిలబడి ఒకాయన హిందుస్థాన్ షిప్‌యార్డ్ షేర్ ఎంతుందని అడిగాడు. అది పూర్తిగా ప్రభుత్వానిది, మార్కెట్లో లేదండీ అంటే నేనేదో దాస్తున్నట్టు చూశాడు.

నాకు దెబ్బ తగిలింది ఆగస్టులో. అమెరికా మన సరుకు మీద 25 శాతం సుంకం వేసింది. రష్యా నుంచి చమురు కొంటున్నామని ఆగస్టు 27 నుంచి ఇంకో 25 కలిపింది. మన రొయ్యలకి అతి పెద్ద కొనుగోలుదారు అమెరికానే. ఏ యుద్ధానికి జడిసి ఫండ్ అమ్మానో, మూడేళ్ళు తిరిగేసరికి అదే యుద్ధం చమురు మీదుగా, వాషింగ్టన్ మీదుగా మా కోల్డ్ స్టోరేజ్ దాకా వచ్చింది. ఇంక్రిమెంట్ ఆగింది, బోనస్ సగమైంది. తెలిసిన ఫీల్డని కొన్న షేర్లూ పడ్డాయి. భీమిలి దగ్గర రొయ్య పిల్లల హేచరీ నడిపే మా బావమరిదికి మూడు లక్షలు అప్పిచ్చాను. ఇప్పట్లో ఇవ్వలేనని అతను ఫోన్ చేశాడు.

రాత్రి ఇవన్నీ కాగితం మీద రాస్తుంటే మా ఆవిడ భుజం మీంచి చూసింది. విజయనగరం మనిషి, నొప్పించకుండా మాట్లాడ్డం రాదు. "ఏటండీ, జీతమూ రొయ్యే, దాచుకున్నదీ రొయ్యే, అప్పిచ్చిందీ రొయ్యేనా?" అంది.

నేనిన్నాళ్ళూ మార్కెట్ ఎంత పడుతుందనే చూశాను. నా జీతం ఆగిన నాడే నా పొదుపూ పడితే ఏంటన్నది ఒక్కసారీ అడగలేదు. చేపలవాళ్ళు నయం, అన్నదమ్ములు నలుగురుంటే నలుగురూ ఒకే పడవెక్కరు.

షేర్లలో సగం అమ్మేశాను, నష్టానికే. మావాడి నాలుగేళ్ళ ఇంజనీరింగ్ ఫీజుకి సరిపడా ఫిక్స్‌డ్ డిపాజిట్లో వేశాను. ఆ డబ్బు ఎప్పుడు కావాలో తేదీతో సహా తెలుసు, దాన్ని మార్కెట్ దయకి వదలకూడదు. ఇంకొంత ఇండెక్స్ ఫండ్‌లో, అంటే సూచీలో ఉన్న కంపెనీలన్నిట్లో కొంచెం కొంచెం పెట్టే ఫండ్‌లో నెలనెలా వేస్తున్నాను. బంగారం జోలికి వెళ్ళలేదు. 2025 ఏప్రిల్లోనే పది గ్రాములు లక్ష దాటింది. అంతకు ముందు పదేళ్ళ పాటు గ్రామూ రెండు గ్రాములూ కొనుక్కున్న మా ఆవిడ మాత్రం ఆ వారం గాజులు నా ఎదురుగానే కూర్చుని తుడుచుకుంది.

మొన్న ఆదివారం ఫిషింగ్ హార్బర్ నుంచి కిలో రొయ్యలు తెచ్చాను. ఒలుస్తూ, "మిగతా సగం ఎప్పుడు అమ్ముతారు?" అని అడిగింది. వెల్లుల్లి అందుకుని పొట్టు తీయడం మొదలెట్టాను.