కావేరి మహసీర్ కోసం ఒక కమిటీ కావాలి

బెంగళూరులో ట్యాప్ తిప్పితే మనలో చాలామందికి వచ్చేది కావేరి నీళ్లే, ఆ కావేరిలోనే ఎద్దుకున్నట్టు మూపురం ఉండే మహసీర్ అనే చేప ఉంది, కావేరి దాని ఉపనదులు తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. 1946లో కావేరి ఉపనది కబినిలో గాలానికి పడిన ఒక చేప 120 పౌండ్లు తూగింది! అంత ఫేమస్ చేపకి సరైన శాస్త్రీయ నామం ఏదో 2018లో గానీ తేలలేదు, తేలిన ఏడాదే, అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల్ని లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ రెడ్ లిస్ట్‌లో క్రిటికల్లీ ఎండేంజర్డ్, అంటే అంతరించిపోవడానికి చాలా దగ్గరలో ఉంది అని ఎక్కింది. ఈలోపు ఏం జరిగిందంటే, హేచరీలో పెంచిన నీలిరెక్కల మహసీర్ అనే వేరే రకం పిల్లల్ని మంచి ఉద్దేశంతోనే అదే నదిలో వదిలారు, అవి బాగా పెరిగాయి, మూపురం చేప మాత్రం దాదాపు కనబడకుండా పోయింది. ఇది బయటపడింది ఎలాగో తెలుసా, కావేరి గట్టున ఉన్న గాలిబోరె క్యాంపులో సరదాకి గాలంతో చేపని పట్టి మళ్లీ నీళ్లలో వదిలేసేవాళ్లు 1998 నుంచి 2012 దాకా రాసిపెట్టుకున్న లెక్కల వల్ల.

ఇలా ఏళ్ల తరబడి లెక్కలు ఆగకుండా రాయాలంటే ఒక కమిటీ ఉండాలి, అందుకే నాకు కమిటీలంటే ఇంత నమ్మకం. అమెరికన్ ఫిషరీస్ సొసైటీ అని 1870 నుంచి ఉంది, అందులో మెంబర్లయిన సైంటిస్టులు ఒక కమిటీగా కూర్చుని ఉత్తర అమెరికాలో ప్రమాదంలో ఉన్న మంచినీటి చేపల లిస్టు 1979లో, 1989లో, మళ్లీ 2008లో తీశారు. 1989లో 364 రకాలు, 2008కి 700. పాత లిస్టులోవాటిలో 89 శాతం అలాగే ఉన్నాయి లేదా ఇంకా దిగజారాయి. ఇలాంటి పోలిక ఒక్క ప్రాజెక్టుతో రాదు, ఫండింగ్ మూడేళ్లలో అయిపోతుంది, ఆఫీసర్‌కి ట్రాన్స్‌ఫర్ వస్తుంది, అదే కమిటీ అయితే పాతవాళ్లు వెళ్లినా కొత్తవాళ్లు అదే పని అందుకుంటారు. పైగా వాళ్లకి ఎవరి టార్గెట్లూ ఉండవు కాబట్టి, ఈ నదిలో ఈ పిల్లల్ని వదలొద్దు అని మొహమాటం లేకుండా చెప్పగలరు, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే.

మనకి 2002 బయోడైవర్సిటీ చట్టం కింద ప్రతి పంచాయతీకీ ఒక కమిటీ, అక్కడి మొక్కలూ జంతువులూ చేపలూ రాసిపెట్టే ఒక జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. ఆ రిజిస్టర్లో చేపల పేజీలు సరిగ్గా నింపాలంటే చేపని చూసి పోల్చగలిగేవాళ్లు కావాలి. ఈ ఊళ్లో మన తెలుగువాళ్లలోనే రిటైరైన ఫిషరీస్ ఆఫీసర్లున్నారు, జువాలజీ లెక్చరర్లున్నారు, డ్యామ్ నీటి లెక్కలు తెలిసిన ఇంజినీర్లున్నారు, డేటా చూసే సాఫ్ట్‌వేర్ వాళ్లకైతే కొదవే లేదు. నెలకో ఆదివారం కూర్చుందాం, ముందు కావేరి గట్టు మీది ఒక్క పంచాయతీ తీసుకుని, అక్కడి జాలర్లని పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెడదాం.