పన్నెండు పెంగ్విన్లకు మేతెట్టా?

మా పెద్దవాడిని ఈమధ్య పట్టుకున్న పుస్తకం ‘మిస్టర్ పాపర్స్ పెంగ్విన్స్’. అట్‌వాటర్ దంపతులు రాసిన పిల్లల నవల, 1938లో వచ్చింది. ఇళ్లకు రంగులేసే పాపర్‌కి ధ్రువాలంటే పిచ్చి. అంటార్కిటికాలో ఉన్న అడ్మిరల్ డ్రేక్‌కి ఉత్తరం రాస్తే, ఆయన ఏకంగా ఒక పెంగ్విన్‌నే పార్సిల్ చేస్తాడు. దానికి కెప్టెన్ కుక్ అని పేరుపెట్టి, ఫ్రిజ్ తలుపుకి గాలి కోసం చిల్లులు వేయించి అందులో ఉంచుతారు. తర్వాత దానికి జోడీ వస్తుంది, పది పిల్లలు పుడతాయి.

సెలవులకు నెల్లూరు జిల్లా ఉదయగిరి పక్కన మా ఊరికి పోయినప్పుడు ఈ కథంతా మావాడు మా నాన్నకి చెప్పాడు. వాడి తెలుగు సగం, నా సాయం సగం. నాన్న గొర్రెలు మేపే మనిషి. ఆయన అడిగినవన్నీ మేత ప్రశ్నలే.

“పన్నెండింటికి ఏం పెడతాడురా అబ్బయ్యా?”

“చేపలు, తాతయ్యా.”

“రోజూ కొనాల్నా? చలికాలంలో రంగుల పని ఉండదంటివే, డబ్బులెట్టా?”

నవల మలుపు తిరిగేది సరిగ్గా ఆ లెక్క దగ్గరే. చేతిలో డబ్బు అయిపోయి, పాపర్ కుటుంబం పెంగ్విన్లకు ఆటలు నేర్పించి థియేటర్లలో ప్రదర్శనలిప్పిస్తుంది. ఆ ముక్క వినేదాకా నాన్నకు మనసు కుదుటపడలేదు. “అట్టా చెప్పు. వాటి తిండి అవే సంపాదించుకున్నయ్యి.”

డాలస్‌లో మా వీధిలో కుక్కకి పుట్టినరోజు చేస్తారు. అక్కడ పెంచుకునే జంతువంటే ఇంట్లో ఇంకో బిడ్డ. మా ఊళ్లో జీవాలంటే వేరే. నాన్న పొద్దున్నే లేచి ముందు కొట్టంలోకి పోతాడు, తర్వాతే కాఫీ. ఏ గొర్రె మేత ముట్టలేదో చూపుతోనే పట్టేస్తాడు. బక్రీదుకు ముందు ధర బాగా పలికినప్పుడు పొట్టేళ్లను అమ్మేదీ ఆయనే. అందులో ఆయనకేమీ తేడా కనపడదు. నేనూ అందులో పెరిగినదాన్నే కాబట్టి నాకూ కనపడదు. పిల్లలకు మాత్రం కనపడింది.

మందలో ఒక జొడిపి పొట్టేలుంది, నెల్లూరు గొర్రెల్లో అదొక రకం. ఒళ్లంతా తెలుపు, మూతి చుట్టూ, కళ్ల చుట్టూ నలుపు. మన దేశపు గొర్రెల్లో ఎత్తయినవి ఈ నెల్లూరు జాతివే, మావాడి భుజం దాకా వచ్చింది. ఉన్ని లేదేమని వాడు అడిగాడు. ఇది మాంసం కోసం పెంచే జాతిరా అని చెప్పేశాను. “అయితే దీన్ని అమ్మేస్తారా?” అంటే, అమ్మేస్తాం అన్నాడు నాన్న. మాట మార్చి సర్దిచెప్పమని మా ఆయన సైగ చేశాడు. నాకు ఇష్టం లేకపోయింది. ఈ ఊరిని పిల్లలకు పండగ ఫొటోల్లాగా మాత్రమే చూపిస్తే, వాళ్లకు వాళ్ల తాత తెలిసినట్టు కాదు.

నవల చివర్లో పాపర్ కూడా పెంగ్విన్లను వదులుకోడానికి సిద్ధపడతాడు. సినిమాల వాళ్లు అడిగినా ఇవ్వకుండా డ్రేక్‌తో ఉత్తర ధ్రువానికి పంపుతాడు, ఆఖరికి తనూ వాటి వెంట పోతాడు. నాన్నకు ఇదొక్కటే నచ్చలేదు. దక్షిణం జీవం ఉత్తరాన బతుకుద్దా అని ఆయన అనుమానం. మన ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్‌కి పోయి, నెలోర్ అనే పేరుతో అక్కడి మందల్లో ఎక్కువ భాగం అవే అయ్యాయి కదా అన్నాను. “అక్కడ ఎండా, గడ్డీ ఉంటే బతకవా ఏంది? మంచులో ఏం మేస్తయ్యి?” అన్నాడు.

పెద్దవాడు చివరికి బేరానికి దిగాడు. తనకంటూ ఒకదాన్ని అమ్మకుండా ఉంచాలట. నాన్న ఒక ఆడ గొర్రెపిల్లను చూపించాడు. ఆడవాటిని పిల్లలు పెట్టడానికి మందలోనే ఉంచుకుంటారు, కాబట్టి ఆయనకు నష్టం లేదు. ఆడదైనా సరే దానికి కెప్టెన్ కుక్ అని పేరు ఖాయమైంది. “గొర్రెకి కుక్కని పేరేందిరా!” అని నాన్న నవ్వుతూనే ఉన్నాడు.

మా చిన్నమ్మాయి ఏ బేరమూ ఆడలేదు. మటన్ తినడం మానేసింది, అంతే. ఆదివారం కూర ముట్టలేదని అమ్మ నొచ్చుకుని, పిల్లకి ఒంట్లో బాగలేదేమో అని దిష్టి కూడా తీసింది. నేను ఇద్దరికీ ఏమీ చెప్పలేదు. కోడికూర మాత్రం మామూలుగానే తింటోంది. కోళ్లకు వాళ్లన్న ఇంకా పేర్లు పెట్టలేదు.