అమ్మకి ఆకులో అన్నం కనపడింది

మా అమ్మకి నీటికాసులు, అదే గ్లకోమా. కంటినరం దెబ్బతిని పక్కచూపు పోయింది, పోయింది ఇక రాదు, ఉన్నది నిలుపుకోడానికి రోజూ చుక్కలు వేసుకోవాల్సిందే. పేపర్లో హెడ్డింగులు గడగడా చదివేస్తుంది, కాళ్ల దగ్గర స్టూలు మాత్రం కనపడదు. చుట్టాలేమో "బానే చదువుతోందిగా!" అంటారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కూడా అక్షరాలొక్కటే చూడదు, చూపు వెడల్పు 40 డిగ్రీల కంటే తగ్గినా లో విజన్, అంటే చూపు తక్కువగా ఉన్నవాళ్ల కిందే లెక్క.

మా తమ్ముడు హడావిడిగా గవర్నర్‌పేట వెళ్లి ఇంతింత ఎల్ఈడీ బల్బులు తెచ్చి మా సత్యనారాయణపురం ఇంట్లో హాలంతా పెట్టేశాడు. కింద తళతళలాడే తెల్ల టైల్సు, పైన ఆ లైట్లు, అమ్మ కళ్లకి చెయ్యడ్డం పెట్టుకుని "ఒరేయ్, మొహమ్మీద టార్చి కొట్టినట్టుందిరా, తీసెయ్" అంది. డబ్బులు దండగ. తర్వాత కూరలు తరిగే చోట ఒకటి, బాత్రూం దారిలో ఒకటి, కంట్లో పడకుండా గోడవైపు తిప్పి పెట్టాం.

నాకు అసలు సంగతి తట్టింది వినాయక చవితి రోజు. స్టీలు కంచంలో అన్నం తడుముకుంటూ తినే మనిషి, ఆరోజు అరిటాకులో మెతుకు మిగల్చకుండా తినేసింది! పచ్చటి ఆకు, తెల్లటి అన్నం, అంతే. ఇంకోటి చూడండి, వీధి గడపకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతామా, అక్కడ ఎప్పుడూ తట్టుకోలేదు, టైల్సు రంగులోనే కలిసిపోయిన బాత్రూం గడప దగ్గర మాత్రం రెండుసార్లు పడబోయింది. దానికి ఎర్ర టేపు వేశాం. కంచం ముదురాకుపచ్చది కొన్నాం, మజ్జిగకి నల్లమట్టి గ్లాసు. స్టవ్ నాబ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు పైకుండే చోట అమ్మ స్టిక్కర్ బొట్టే అంటించా, వేలు పెడితే తెలిసిపోతుంది. కంటిచుక్కల సీసాలు రెండూ ఒకేలా ఉంటాయి కదా, పొద్దున్న వేసేదానికి రబ్బరుబ్యాండు.

తలుపులు మాత్రం అయితే పూర్తిగా తీసుండాలి లేదా మూసుండాలి. సగం తెరిచిన తలుపు అంచు తగిలి నుదురు బొప్పి కట్టాక పెట్టుకున్న రూలు ఇది, పాటించందల్లా నేనే.

మేడమెట్లు ఇంకా మిగిలాయి. నల్ల గ్రానైటు, ఏ మెట్టు ఎక్కడ అయిపోతుందో నాకే తెలీదు. టేపు వేస్తే వానకి ఊడొచ్చింది. అంచులకి పసుపు పెయింటు వేద్దామంటే ఓనరుగారు "లుక్కు పోద్దమ్మా" అంటున్నారు. ఆదివారం అమ్మనే వెంటబెట్టుకెళ్లి అడుగుతా.