సైకాలజీని సైకాలజీతోనే చదివాం

హన్మకొండలో పదో తరగతి అయిపోయిందంటే ఎంపీసీనా, బైపీసీనా అనే అడుగుతారు. అలాంటి చోట మేం కొద్దిమందిమి ఆర్ట్స్ వైపు వచ్చి సైకాలజీ తీసుకున్నాం. "అయితే నా మనసుల ఏమున్నదో చెప్తవా బిడ్డా?" అని చుట్టాలు అడిగేవాళ్లు. ఇది మనసులు చదివే విద్య కాదని, 1879లో వుంట్ అనే శాస్త్రవేత్త జర్మనీలోని లైప్‌జిగ్‌లో ప్రయోగశాల పెట్టిన నాటి నుంచి పరీక్షించి చూసి మాట్లాడే శాస్త్రమని మా సైకాలజీ మేడం మొదట్లోనే చెప్పారు.

ఆమె చేసిన గొప్ప పని ఇంకొకటుంది. జ్ఞాపకశక్తి పాఠం వంతు వచ్చేదాకా ఆగకుండా దాన్ని ముందే చెప్పేశారు. "ఎట్ల గుర్తుంటదో తెలవకుండ మిగతాయి ఎట్ల చదువుతరు?" అన్నారు. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ సైకాలజిస్టు అర్థం లేని అక్షరాల గుంపులు తయారుచేసుకుని, తన మీద తానే ప్రయోగం చేసి 1885లో ఫలితాలు అచ్చువేశాడు. నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం తొలి గంటల్లోనే పోతుంది, తర్వాత మరుపు నెమ్మదిస్తుంది. అందుకే మేడం ఈరోజు చెప్పింది రేపు అడిగేవారు, వారం చివర అడిగేవారు, నెల తిరిగాక మళ్లీ అడిగేవారు. అదీ పుస్తకం మూయించి.

ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే, పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత పెడితే, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లు ముందుకొచ్చారు. మళ్లీ మళ్లీ చదివితే "వచ్చేసింది" అనిపిస్తుంది, ఆ అనిపించడాన్ని నమ్మొద్దు. తెల్లకాగితం ముందు పెట్టుకుని రాసి చూడండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడే చదవాలి.

నిర్వచనాలు బట్టీ పడితే పరీక్షలో కేస్, అంటే ఒక సందర్భం, ఇచ్చి అడిగినప్పుడు చేతులెత్తేయాల్సి వస్తుంది. ప్రతి భావనకూ మన జీవితంలోంచి ఒక ఉదాహరణ వెతకాలి. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుందని తెలియడం సెమాంటిక్ మెమరీ, అంటే విషయాల జ్ఞాపకం. తాతయ్య వేలు పట్టుకుని జంపన్న వాగులో దిగింది గుర్తుండటం ఎపిసోడిక్ మెమరీ, అంటే మనకు జరిగిన సంఘటనల జ్ఞాపకం. ఈ రెండింటినీ నేను ఇప్పటికీ కలగాపులగం చేయను. అందరూ తడబడేది నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ దగ్గర. చాలామంది దాన్ని శిక్ష అనుకుంటారు. కాజీపేటలో పట్టాల పక్కన ఉండే స్నేహితురాలు చదువుకునేటప్పుడు రైలు రొద పడలేక కిటికీ వేసేది. రొద తగ్గేది కాబట్టి మళ్లీ మళ్లీ వేసేది. ఇబ్బంది తొలగిపోవడం వల్ల ఆ పని పెరిగింది, అది నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. ఆలస్యంగా వచ్చినందుకు ఆటల పీరియడ్ పోయి, ఆలస్యంగా రావడం తగ్గితే అది శిక్ష. ప్రవర్తన పెరిగిందా, తగ్గిందా అని ముందు చూసుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది.

సీబీఎస్‌ఈ సైకాలజీలో థియరీకి 70 మార్కులు, ప్రాక్టికల్‌కు 30. ప్రాక్టికల్ ఫైలును చివరికి వాయిదా వేస్తే టెన్షన్ తప్పదు. కేస్ ప్రొఫైల్, అంటే ఒక మనిషితో మాట్లాడి వాళ్ల గురించి రాసే నివేదిక, విషయంలో మా మేడం చాలా పట్టుదలగా ఉండేవారు. అవతలి మనిషి ఒప్పుకోవాలి, అసలు పేరు రాయకూడదు, విన్నది క్లాసులో కూడా చెప్పుకోకూడదు. మార్కుల కోసం కాదు, మనల్ని నమ్మి చెప్పినవాళ్ల కోసం అనేవారు. ఎదుటి మనిషి మాట మధ్యలో ఆపకుండా వినడం నాకు అక్కడే అలవడింది. ఈ ఏడాది కేస్ ప్రొఫైల్ మొదలుపెట్టే పిల్లలెవరైనా ప్రశ్నలు తయారుచేసుకోవడంలో సాయం కావాలంటే పూర్వ విద్యార్థుల సంఘం ద్వారా కబురు పెట్టండి, వచ్చి మీతో కూర్చుంటాను.