ఆదివారం, మామయ్య మిరపతోట

పొద్దున్నే మామయ్య ఫోన్ చేసి, "అల్లుడూ, పురుగుమందుల షాపుకి పోవాలి, బండి తీసుకురా" అన్నాడు. ప్రత్తిపాడు దగ్గర ఆయనకి రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. అంతా మిరపే, ఇప్పుడు పూత మీద ఉంది. ముందు తోట చూసి గుంటూరు వద్దామనుకున్నాం. బాపట్లలో ఏజీ బీఎస్సీ చదువుతున్న మా మరదలూ వెంట వచ్చింది. ఇక ఊరుకుంటుందా!

పూలు అరచేతిలో దులిపితే సన్నటి నల్ల తామరపురుగులు (త్రిప్స్) రాలాయి. 2021లో ఈ పురుగు దెబ్బకి కాపు మీదున్న తోటల్ని దున్నేసిన రైతుల్ని చూశాడు కదా, మామయ్య మొహం మాడిపోయింది. గట్టు వైపు మొక్క మీద ఇంకోటి కనిపించింది. నల్లటి ఒళ్ళు, నారింజ మచ్చలు, చిన్న సైజు మొసలిలా ఉంది. నలపబోతుంటే మరదలు చెయ్యి పట్టుకుంది. "నాన్నా, అది అక్షింతల పురుగు పిల్ల. మొక్క రసం పీల్చే పేనుబంకని తింటుంది."

తర్వాత మరదలు చెప్పినదంతా మందు కొట్టాక జరిగే కథ. తామరపురుగు పూల లోపల నక్కి ఉంటుంది, కొన్నాళ్ళు మట్టిలోనూ గడుపుతుంది. మందు అక్కడిదాకా సరిగ్గా పోదు. దాన్ని వేటాడే సాలీళ్ళు, చిన్న నల్లులు (మంచంలోవి కాదు, మైట్లు) ఆకుల మీద తిరుగుతాయి కాబట్టి మందంతా వాటి మీదే పడుతుంది. పైగా మందు తగిలిన పురుగుని తిన్నా ముప్పే. రెండు మూడు వారాల్లో తామరపురుగు కొత్త తరం దిగుతుంది. వేటాడేవి మాత్రం తిండి దొరికాకే పెరగాలి కదా, వెనకబడిపోతాయి. ఆ మధ్యకాలంలో తోట పురుగుదే.

మంచీ చెడూ చూడకుండా పురుగుల్ని చంపే పైరిత్రాయిడ్ రకం మందులు మరీ ఘోరమట. ఎర్రనల్లి లాంటివాటిని తినే మంచి నల్లులు చచ్చి, పంటని పీల్చేవి మిగులుతాయి. తామరపురుగు వల్ల ఆకులు పైకి ముడుచుకునే పై ముడత తగ్గిందనుకునేలోపు, నల్లి వల్ల కిందికి ముడుచుకునే కింది ముడత మొదలు. "పోయినేడు నాకు జరిగింది అదే! విత్తనం తేడా అనుకున్నా" అన్నాడు మామయ్య.

వరిలో దోమపోటు (మొదళ్ళ దగ్గర రసం పీల్చే సుడిదోమ తెగులు) సంగతీ ఇంతేనట. దోమ గుడ్లు తినే చిన్న పురుగులు పోతే దోమ విజృంభిస్తుంది. ఇండోనేషియా ఆ దెబ్బ తినే 1986లో వరిలో 57 మందుల్ని నిషేధించింది.

షాపులో సీన్ వేరు. మామయ్య లక్షణాలు చెప్పకముందే కౌంటర్ మీద నాలుగు డబ్బాలు. రెండు కలిపి ఒకే ట్యాంకులో కొట్టమన్నారు. కాదంటే? అరువు ఇచ్చేది వాళ్ళే, పంటొచ్చాక బాకీ వసూలు చేసుకునేదీ వాళ్ళే. నాలుగు రోజులు ఆగి చూద్దామని మరదలు అంటే, "కౌలు నువ్వు కడతావా?" అన్నాడు మామయ్య. నిజం చెప్పాలంటే అక్కడ నేను మామయ్య పక్షమే. పుస్తకంలో ఆగమని రాసినవాళ్ళకి అప్పులుండవు.

అయినా పైరిత్రాయిడ్ డబ్బా వెనక్కి ఇచ్చేశాడు. ఒక్క మందు, తామరపురుగులు వచ్చి అంటుకునే నీలిరంగు జిగురు అట్టలు కొన్ని తీసుకున్నాడు. వచ్చే ఏడు తోట చుట్టూ మూడు సాళ్ళు జొన్న వెయ్యమంది మరదలు, పక్క చేల నుంచి వచ్చే పురుగుకి అడ్డుగా, మిత్రపురుగులకి చోటుగా. దానికి వెంటనే ఒప్పుకున్నాడు. గేదెలకి చొప్ప వస్తుందిగా!