ముక్కులో కొట్టే మందు, బడి తలుపు

మా అమ్మాయికి ఫిట్స్ అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే ముక్కులో మిడజోలామ్ స్ప్రే కొట్టాలని న్యూరాలజిస్టు చెప్పారు. బరువును బట్టి మోతాదు లెక్కకట్టి చీటీ రాశారు, మందూ సులువుగానే దొరికింది. చిక్కంతా దాన్ని బడిలో ఉంచమని అడిగినప్పుడు వచ్చింది.

ఆఫీసు గదిలో ఇతర తల్లిదండ్రులు కూర్చుని ఉండగా, అక్కడి అధికారి ఆ చిన్న పెట్టెను చేత్తో ముట్టకుండా పెన్ను మొనతో నా వైపు నెట్టి, "ఇది మత్తుమందు కదమ్మా, పిల్లల మధ్య ఎలా పెట్టుకుంటాం? అయినా జబ్బు మెదడులో ఉంటే ముక్కులో కొట్టి ఏం లాభం?" అన్నారు. నా బిడ్డ జబ్బును నలుగురిలో అలా పరచినందుకు తల కొట్టేసినట్లయింది. అయినా లేచి రాకుండా జవాబు చెప్పాను. ఫిట్స్‌లో ఉన్న బిడ్డ మాత్ర మింగలేదు, నోట్లో ఏదైనా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ముక్కు లోపలి పొర నిండా సన్నని రక్తనాళాలు ఉండడం వల్ల అక్కడ పడిన మందు జీర్ణాశయం, కాలేయం దాకా వెళ్లే పని లేకుండా నేరుగా రక్తంలో కలిసి, కొవ్వులో కరిగే గుణంతో మెదడుకు కాపలా కాసే రక్తనాళాల గోడను త్వరగా దాటుతుంది. వాసన నాడుల వెంట మందును సూటిగా మెదడుకు పంపే దారిపై పరిశోధనలు సాగుతున్నాయి గాని, ఈ స్ప్రే ప్రధానంగా రక్తం ద్వారానే పనిచేస్తుంది.

ఆయన డాక్టరు ఉత్తరం అడిగారు, తెస్తే దాని మీద ముద్ర అడిగారు, ముద్ర వేయించి తెస్తే బాధ్యత ఎవరిదన్నారు. ప్రాణం కాపాడే మందుకు కాగితాలు అడ్డుపెట్టడం అన్యాయం. ఈ మాట ఆయన ముఖం మీదే అన్నాను.

చివరికి ఒప్పుకున్నది క్లాసు టీచరమ్మ. అందుకే చెబుతున్నాను, ముందు టీచరును కలవండి, ఒప్పుకున్న మాటను రాతలో తీసుకోండి. మందును తాళం వేసిన బీరువాలో పెట్టనివ్వకండి. ఒకే మోతాదు ఉండే స్ప్రేను పరీక్షకని ముందుగా నొక్కితే మందంతా పోతుంది. ఎక్కువసార్లు వాడే సీసా అయితే చీటీలో రాసినట్లు ముందు గాలిలోకి నొక్కి సిద్ధం చేసుకోవాలి.

"పాప ఊపిరి పీల్చేదాకా ఆగాలా?" అని ఆ టీచరమ్మ అడిగారు. అక్కర్లేదు, సన్నని తుంపర పొరకు అంటుకుంటే చాలు. కొట్టాక పక్కకు తిప్పి పడుకోబెట్టి శ్వాసను గమనిస్తూ ఉండాలని, ఫిట్స్ ఆగకపోయినా శ్వాస మందగించినా వెంటనే అంబులెన్సును పిలవాలని ఆమె తన పుస్తకంలో రాసుకున్నారు.