ఆర్ట్స్ కాలేజీని కొలవడం తేలికే, కాగితాల దగ్గరే చుక్కలు కనిపించాయి

నిన్న సాయంత్రం మా మెజర్డ్ డ్రాయింగ్ షీట్ల మీద గైడ్ సంతకం పడింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. చల్లారితే మర్యాదగా రాస్తాను, అప్పుడు ఎవరికీ ఉపయోగం ఉండదు.

బి.ఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) వాళ్ళకు తెలిసిందే. ఒక పాత కట్టడాన్ని టేపు పట్టి కొలిచి, ప్లాన్, ఎలివేషన్ (ఎదుటి నుంచి కనిపించే రూపం), సెక్షన్ (నిలువునా కోస్తే కనిపించే రూపం) గీసి, దాని చరిత్ర రాసి ఇవ్వాలి. క్లాసులో చాలామంది కుతుబ్‌షాహీ సమాధుల వైపు పోయారు. మా గ్రూపు ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ పట్టుకుంది. మొత్తం భవనం మా వల్ల కాదు కాబట్టి ముందు భాగం మాత్రమే అని గైడ్‌ను ఒప్పించాం.

బోనఫైడ్ లెటరు ఇట్టే వచ్చింది. క్యాంపస్‌లో కొలతలకు అనుమతీ దొరికింది. సెలవు రోజుల్లో పొద్దున్నే ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి ఆర్ట్స్ కాలేజ్ స్టేషన్‌లో దిగేవాళ్ళం. భవనం పేరుతో రైల్వే స్టేషన్ ఉండటం ఎంత వైభోగమో చూడండి! వాకింగ్‌కు వచ్చిన పెద్దవాళ్ళు ఆగి "ఏం కొలుస్తున్రు, కూలగొడ్తరా ఏంది?" అని అడిగేవాళ్ళు. కాదని చెప్పాకే కదిలేవాళ్ళు.

ఆ భవనం గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917లో ఫర్మానా (రాజాజ్ఞ) ఇచ్చాడు, 1918లో యూనివర్సిటీ ఏర్పడింది. పై చదువులు కూడా ఉర్దూలోనే చెప్పాలన్నది పట్టుదల. అప్పటికి సొంత క్యాంపస్ లేదు, గన్‌ఫౌండ్రీ దగ్గరి ఇళ్ళలో క్లాసులు. అడిక్‌మెట్‌లో కట్టాలనుకున్నాక సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులను ప్రపంచం చుట్టి రమ్మని పంపారు. వాళ్ళు యూరప్, అమెరికా, జపాన్ చూశారు, ఈజిప్టులో బెల్జియం వాడైన ఎర్నెస్ట్ జాస్పర్‌ను కలిశారు. కైరోలో 1910లో తెరిచిన హీలియోపోలిస్ ప్యాలెస్ హోటల్ ఆయన గీసిందే. ఆయన ఇక్కడికొచ్చి బీదర్ కమానులూ, అజంతా ఎల్లోరా స్తంభాలూ చూసి రెంటినీ ఒకే గోడలో కలిపాడు. 1934లో శంకుస్థాపన, 1939 డిసెంబరులో ప్రారంభం. జాస్పర్ వెళ్ళిపోయాక పని నడిపించింది జైన్ యార్ జంగే. మనవాళ్ళు మాత్రం జాస్పర్ పేరొక్కటే చెప్పి ఊరుకుంటారు, అది నాకు నచ్చదు.

దూరం నుంచి చూస్తే పెద్ద కమానే కనిపిస్తుంది. టేపు పట్టుకుని దగ్గరకు వెళ్తే తెలుస్తుంది ఆ గులాబీ రంగు గ్రానైట్ సంగతి. గుహాలయాల్లోంచి తెచ్చి పెట్టినట్టున్న బరువైన స్తంభాలు కింద, పైన కోసుగా లేచే కమాను. గ్రానైట్ మెత్తటి రాయి కాదు, సన్నటి నగిషీకి అంత తేలిగ్గా లొంగదు. అందుకే అలంకారమంతా లోతైన నీడల మీదే నడిచిందని నా అభిప్రాయం. మా షీట్లు పరీక్షించే జ్యూరీలో ఈ మాటే అంటే ఒక మేడమ్ తలూపింది కూడా.

ఇక చరిత్ర భాగం. పాత డ్రాయింగుల నకలు ఉంటే షీట్లకు బలం వస్తుందన్నాడు గైడ్. నగరంలో పాత కాగితాలు దాచే ఒక ఆఫీసు ఉంది, పేరు రాయను. దరఖాస్తు పెట్టాను. "1934 జులై, ఆర్ట్స్ కాలేజీ నిర్మాణం" అని స్పష్టంగా రాశాను. ఆ ఆఫీసు సెక్షన్‌లో కూర్చున్న ఉద్యోగి కాగితం వైపు చూడకుండానే "1934 ఫైల్ లేదు" అన్నాడు. 1935? లేదు. 1939? లేదు. దరఖాస్తు అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు వేయించుకు రమ్మన్నాడు, వేయించాను. గైడ్ లెటర్ చాలదు, ప్రిన్సిపాల్ సంతకం కావాలన్నాడు, తెచ్చాను. మళ్ళీ అదే మాట, లేదు.

చివరికి ఒకరోజు నలుగురి ముందు నవ్వాడు. "ఏమ్మా, పెద్ద ఆర్కిటెక్చర్ చదువుతున్నవ్, ఫసలీ తెల్వదా? పహాణీ ఎన్నడూ చూడలేదా మీ ఇంట్ల?" పక్క బల్లల వాళ్ళు కూడా నవ్వారు. చెవులు కాలిపోయాయి. నిజాం రాజ్యంలో పహాణీల్లాంటి భూమి రికార్డులకే కాదు, ఆఫీసు కాగితాలకూ ఫసలీ అనే శిస్తు లెక్కల సంవత్సరాలు వేసేవారు, రిజిస్టర్లు ఆ లెక్కనే ఉన్నాయి. అది మొదటి రోజే చెప్తే ఆయన సొమ్మేం పోయింది? ఇన్‌వర్డ్ నంబర్లు వేయించడం మాత్రం మరిచిపోలేదు మహానుభావుడు.

లెక్క నేను చెప్తాను, రాసుకోండి. హైదరాబాద్ ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో, ఆజూరు నెలతో మొదలవుతుంది. అక్కడి నుంచి డిసెంబరు దాకా అయితే ఇంగ్లీషు సంవత్సరంలోంచి 590 తీసేయాలి, జనవరి నుంచి 591. అంటే 1934 జులై 1343 ఫసలీ, 1939 డిసెంబరు 1349 ఫసలీ.

ఏడాది తెలిసింది, రిజిస్టర్ వచ్చింది. తీరా చూస్తే అంతా ఉర్దూ, అదీ షికస్తా అనే గొలుసుకట్టు రాత. మా క్లాసులో ఉర్దూ చదివిన అమ్మాయి కూడా అక్షరాలు విడదీయలేకపోయింది. ఆఫీసాయన వైపు చూస్తే కిటికీ వైపు చూస్తున్నాడు. అప్పుడర్థమైంది, ఆయనకూ రాదు! చదివేవాళ్ళు ఎప్పుడో రిటైరయ్యారట.

జనగామ దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పట్వారీ తాత ఉన్నాడు. పోలీసు చర్య దాకా బళ్ళో ఉర్దూలోనే చదివినవాడు, ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్ పట్వారీలను తీసేసేదాకా లెక్కలు రాసినవాడు. ఫోన్ చేస్తే "వస్త తియ్ బిడ్డా, పట్నం సూసి శానా రోజులాయె" అన్నాడు. తెల్ల ధోవతి, చేతికర్రతో సెక్షన్‌లోకి వచ్చి, కళ్ళద్దాలు తుడుచుకుని, వేలు పెట్టి గడగడా చదివేశాడు. నన్ను చూసి నవ్విన ఆయనే కుర్చీ తెచ్చి వేశాడు, తన దగ్గర పడి ఉన్న ఇంకో రెండు రిజిస్టర్లు కూడా తెచ్చి "ఇవేందో జెర చెప్తరా సార్" అని అడిగాడు. తాత చెప్పలేదు. "ముందుగాల మా పిల్ల పని కానీయ్" అన్నాడు. ఆ మాటకు నా పరువు వడ్డీతో సహా తిరిగొచ్చింది.

ఫైల్లో డ్రాయింగులు లేవు. ఉత్తరాలు, లెక్కలే. అయినా వాటి నోట్సు మా రిపోర్టులో చేరింది, మా క్లాసులో ఇంకెవరికీ అలాంటిది లేదు. ఎలివేషన్ షీట్ మీద ఫసలీ తేదీ కూడా వేశాం. జ్యూరీలో ఒకాయన అది ప్రింటింగ్ తప్పనుకుని ఎర్ర సున్నా చుట్టాడు. చెప్పాక కొట్టేశాడు.

జూనియర్లూ, ముందు భాగం తీసుకోకండి, మేం గీసేశాం. లోపలి హాలు, మెట్లు ఎవరూ ముట్టుకోలేదు. ఫసలీ ఏడాది దరఖాస్తులోనే వేయండి, అందిందని ముద్ర వేయించుకోండి, ఉర్దూ చదివే పెద్దవాళ్ళను ముందే వెతుక్కోండి. భోజనం వేళ తర్వాత ఆ సెక్షన్‌కు వెళ్ళకండి, ఎవరూ ఉండరు.